పారమ్మ మోకాలు

ప్రశ్న అడిగిన శిష్యులకు డాక్టర్ వైకుంఠరావుగారు వెంటనే జవాబు చెప్పరు. ముందు తాళంచెవి తీస్తారు. ఆ వైద్యకళాశాలలో పాత పనిముట్లూ, రోగుల ఒంట్లో ఉండి వచ్చిన లోహపు కీళ్లూ భద్రపరిచిన గది ఒకటుంది. ముప్పై ఏళ్లుగా దాని తాళం ఆయన దగ్గరే.

ఇందుమతి ఆయన దగ్గర ఎముకల వైద్యం నేర్చుకుంటోంది. మర్నాడు గున్నమ్మ అనే నాట్లకూలీకి మోకాలి ఆపరేషన్ మొదటిసారి తన చేత్తో చెయ్యాలి. గున్నమ్మ మోకాలు లోపలివైపే అరిగింది. బయటివైపు నిక్షేపంగా ఉంది. అయినా కీలు మొత్తం మార్చాలని ఇందుమతి కాగితం రాసి తెచ్చింది.

"సగం చెడ్డాక మిగతా సగం ఎన్నాళ్లు ఆగుతుంది సార్? రేపు అదీ చెడితే అందరూ నన్నే అంటారు. మొత్తం తీసేస్తే పోలా?"

"నిన్నెవరూ ఏమీ అనరు. బాగుంది. మరి గున్నమ్మ సంగతి?" అంటూ ఆయన తలుపు తీశారు.

ఆ మాట చురుక్కుమంది. తప్పు జరగకూడదని భయపడటం వేరు, తప్పు తన మీదికి రాకూడదని భయపడటం వేరు. తనది ఏ భయమో ఇందుమతికి తెలుసు.

ఆయన అద్దాల బీరువాలోంచి ఒక చిన్న వంపు తిరిగిన లోహపు ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టారు. అది కాలి నల్లబడి ఉంది.

"జీడిపిక్కలు కొట్టే పారమ్మది. ఆమెకూ లోపలివైపే చెడింది. అంతవరకే మార్చాను. పదకొండేళ్లు నడిచింది. పోయాక, బూడిదలో ఎముకలు ఏరుతుంటే ఇది దొరికిందట. కొడుకు దాలయ్య గుడ్డలో చుట్టి, రెండు బస్సులు మారి తెచ్చాడు."

"ఎందుకు సార్?"

"నేనూ అదే అడిగాను. 'నాది కానిది నాతో రాకూడదు, డాకటరు బాబుకి ఇచ్చీమని మాయమ్మ సెప్పినాది. పదకొండేళ్లు వాడీసినాం, ఏటీ అనుకోకండి బాబూ' అన్నాడు."

ఇందుమతికి నవ్వొచ్చింది. ముక్కను తిప్పి చూసింది. బీరువాలో ఇంకొకటి కోసం వెతికింది.

"బయటివైపు ముక్క ఏది సార్? తరవాత అదీ చెడి ఉంటుందిగా, మార్చి ఉంటారుగా?"

"దాలయ్య బూడిదంతా జల్లెడ పట్టాడు. ఇదొక్కటే దొరికింది."

"మరి ఆ సగం?"

"అది పారమ్మది. ఆమె ఎముకలతో పాటు నదిలో కలిసింది."

ఇందుమతి కాగితం గోడకు ఆనించి 'మొత్తం' అన్న మాట కొట్టేసింది. గీత సూటిగా పడింది.

వైకుంఠరావుగారు నల్లటి ముక్కను దాని చోట పెట్టి బీరువా మూశారు.

"ఈ గదికి వచ్చేవన్నీ చెడినచోటి వస్తువులేనమ్మా. చెడనిది ఇక్కడికి రాదు."