అటకెక్కిన బొంగరాలు

గొప్పలకు పోవడంలో నన్ను కూడా ఓడించగల ఎర్రునాయుడనే బొంగరాల వ్యాపారి వరాహ నది ఒడ్డున ఓ లక్కబొమ్మల ఊళ్ళో ఉండేవాడు. నా సంగతంటారా, చెప్పు తెగితే నేలతల్లి మీద భక్తితో వట్టికాళ్ళతో నడుస్తున్నానని చెప్పిన రకాన్ని. ఆయన ముందు నేను పసివాణ్ణి.

ఎర్రునాయుడి షెడ్డులో అయిదుగురు పనివాళ్ళు అంకుడు కర్రను మర మీద తిప్పి, లక్క రంగులు అద్ది, వేళ్ళతో తిప్పే చిన్న బొంగరాలు చేసేవారు. అవి ఓడెక్కి పరదేశం వెళ్ళేవి. ఒక ఏడు ఆ దేశంవాళ్ళు దిగుమతి సుంకం పెంచేశారు. ‘ఇప్పట్లో పంపకండి’ అని కబురొచ్చింది. పదకొండు బస్తాల బొంగరాలు షెడ్డులోనే ఉండిపోయాయి. మరలు ఆగిపోయాయి.

“ఈ నెలా ఇంతే అయితే ఇటుకబట్టీకి పోతాం నాయుడుబావా” అన్నారు పనివాళ్ళు. వాళ్ళు పోతే ఆ షెడ్డు మళ్ళీ తెరుచుకోదు.

అప్పుడు ప్రభుత్వం ఒక మంచి మాట చెప్పింది. ఎగుమతి ఆగి నిలిచిపోయిన సరుకును తానే కొని అంగన్‌వాడీ పిల్లలకు పంచుతుందట. సరుకు చూసి రాసుకోవడానికి వసుంధర అనే అధికారి వస్తుందట.

ఊరంతా బస్తాలు వీధిలోకి తెచ్చి పెట్టుకుంది. ఎర్రునాయుడు మాత్రం తన బస్తాలన్నీ అటకెక్కించాడు.

“అదేటి మావా, కొంటామని వస్తుంటే దాచేస్తన్నావు?” అంది భార్య నూకాలు.

“జాలిపడి కొంటారే! తాతల నాటినుంచీ చెయ్యి చాచని ఇల్లిది.”

“చెయ్యి చాచకపోతే మానె. నోరైనా తెరువు.”

“నువ్వూరుకో!”

అధికారి జీపు దిగేసరికి ఎర్రునాయుడు జరీపంచె కట్టుకుని నిలబడ్డాడు. వెనక మరలు గిర్రున తిరుగుతున్నాయి. వాటి మీద కర్రముక్క మాత్రం లేదు.

“వ్యాపారం ఎలా ఉంది నాయుడుగారూ?” అంది వసుంధర.

“ఊపిరాడ్డం లేదు మేడమ్. చేసింది చేసినట్టు ఎగిరిపోతోంది.”

“సరుకేమైనా నిలిచిందా?”

“ఒక్క బొంగరం ఉంటే ఒట్టు!”

పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అదృష్టవంతులు” అని, వసుంధర జాబితాలో ఆయన పేరు కొట్టేసి వెనుదిరిగింది.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. షెడ్డుకు ఎవరొచ్చినా సరే, ఒక బొంగరం తిప్పి చూపించి, చేతిలో పెట్టి మరీ పంపుతారు. అంత పెద్ద అధికారి నాయుడింటి నుంచి వట్టిచేతులతో వెళ్ళిందంటే రేపు ఊరేమంటుంది? ఆ ఆలోచనకే ఎర్రునాయుడికి చెమట పట్టింది.

“ఒక్క నిమిషం మేడమ్” అని నిచ్చెనెక్కి, అటక మీదికి చెయ్యి పోనిచ్చాడు. కంగారులో వేసిన బస్తా ముడి చెయ్యి తగలగానే ఊడింది. మొదట ఒక బొంగరం రాలింది. తర్వాత పది. ఆ తర్వాత వానే! ఎర్రవి, పచ్చవి, పసుపువి టపటపా పడి షెడ్డంతా దొర్లాయి. కంగారుగా దిగిన ఎర్రునాయుడు వాటి మీద కాలేసి, జరీపంచెతో సహా చతికిలబడ్డాడు.

“ఎగిరిపోతోందంటే ఇలాగనుకోలేదు” అంది వసుంధర.

నూకాలు కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. “ఇంకా పది బస్తాలున్నాయి మేడమ్. గొడుగు తెమ్మంటారా?”

వసుంధర ఒక బొంగరం తీసి నేల మీద తిప్పింది. అది రంగుల సుడిలా చాలాసేపు నిలబడింది.

“జాలి ఎందుకండీ? మా పిల్లలకు బొంగరాలు కావాలి, మీకు కొనేవాళ్ళు కావాలి. పేరు మళ్ళీ రాస్తాను. కానీ మీ నోటితో మీరు చెప్పాలి.”

ఎర్రునాయుడు తన అయిదుగురు పనివాళ్ళ వైపు చూశాడు. “మూడు నెలలుగా ఒక్క బొంగరం కదల్లేదమ్మా. సాయం కావాలి.”

అనేసి, ఆకాశం విరిగి పడుతుందేమోనని పైకి చూశాడు. ఇంకో రెండు బొంగరాలు పడ్డాయి, అంతే.

వారం తిరక్కుండా లారీ వచ్చింది. మరల మీదికి నిజంగానే కర్ర ఎక్కింది. ఇటుకబట్టీ మాట మళ్ళీ వినబడలేదు. ఇప్పుడా షెడ్డుకు ఎవరొచ్చినా ఎర్రునాయుడు “మేడమ్ తిప్పిన బొంగరం ఇదే” అని ఒకటి చేతిలో పెడతాడు. ఇప్పటికి అలాంటివి వెయ్యైనా ఇచ్చి ఉంటాడు. గొప్పలు ఒక్కరోజులో పోతాయా? నావీ పోలేదు.

నీతి: కష్టం చెప్పుకోవడం చిన్నతనం కాదు, దాచుకుంటే గుమ్మందాకా వచ్చిన సాయం కూడా వెనక్కి తిరిగిపోతుంది.