నాంచారి మూడో ఫ్యూజు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజుగారి కోటలో ఏనుగులూ ఉండేవి, రోబోలూ ఉండేవి. అయినా బావుల్లో పూడిక తీయడానికి మాత్రం మనుషులే దిగేవారు. అడుగున చెడుగాలి సోకి కొందరు మళ్లీ పైకి వచ్చేవారు కాదు. నాంచారి తండ్రి అలా పోయినవాడే.

నాంచారి పదేళ్లు కష్టపడి బావిలోకి దిగే రోబోను చేసింది. ఎనిమిది కాళ్లతో పీతలా ఉండే ఆ రోబోకు ఎండ్రకాయ అని పేరు పెట్టుకుంది.

ఒకనాడు మణిమంత మహారాజు పోటీ చాటించాడు. "కోట బావిలోంచి మూడు గంపల పూడిక తెచ్చిన రోబోకే ఇకమీదట ఆ పని. ఏదీ తేలేకపోతే ఎప్పటిలాగే మనుషులే దిగుతారు."

పోటీకి వచ్చినవి రెండే. మొదటి గంట మోగగానే వర్తకుడు రత్నగుప్తుడి రోబో దిగాలి, రెండో గంటకు ఎండ్రకాయ.

మొదటి గంట ఇంకా మోగలేదు. నాంచారి నడిపి చూస్తుండగా ఎండ్రకాయ టప్పున ఆగిపోయింది. కరెంటు మితిమీరితే తాను మాడిపోయి యంత్రాన్ని కాపాడే సన్నతీగ, ఫ్యూజు, మాడింది. నాంచారి దగ్గర ఇంక మూడే ఉన్నాయి.

రత్నగుప్తుడు నవ్వాడు. "దాని బదులు లావు తీగ బిగించవమ్మా. నేనూ అదే చేశాను. ఇక మాడదు."

"అది మాడకపోతే యంత్రమే మాడుతుంది, శెట్టిగారూ!"

నాంచారి ఒక ఫ్యూజు పెట్టింది. మాడింది.

గంట మోగింది. రత్నగుప్తుడి రోబో బావిలోకి దిగింది. బురదలో కాలు ఇరుక్కుంది, గింజుకుంది. లావు తీగ మాడలేదు, రోబోయే భగ్గుమంది. నల్లటి పొగ పైకి లేచింది. దాన్ని తాళ్లతో పైకి లాగేశారు.

నాంచారి తలెత్తలేదు. తప్పు మోటారులో ఉందేమోనని దాన్ని రోబో నుంచి విడదీసి రెండో ఫ్యూజు పెట్టింది. అదీ మాడింది. అంటే తప్పు మోటారుది కాదు!

"రోబోలు చాలు! మనుషుల్ని దింపండి," అన్నాడు మంత్రి.

నాంచారి బావి గట్టుకు అడ్డంగా నిలబడింది. "రెండో గంట మోగలేదు మంత్రిగారూ. ఎండ్రకాయ వంతు ఇంకా రాలేదు. ఒక్క మనిషినీ దిగనివ్వను!"

రాజు మంత్రిని వారించాడు. "గంట మోగేదాకా ఆగుదాం."

నాంచారి నేలమీద వెల్లకిలా పడుకుని రోబో కిందికి దూరింది. తీగ వెంట వేలు పోనిచ్చింది. ఐదో కాలి కీలు దగ్గర వేలు ఆగింది. అక్కడ ఇనప అంచు రాసుకుని తీగ మీది తొడుగు చిరిగింది. లోపలి రాగి ఇనుముకు తగిలి ఫ్యూజులను మాడుస్తోంది. ఆ ముక్క కోసేసింది, కొత్తది కలిపింది, రబ్బరు చుట్టింది, మోటారు మళ్లీ తగిలించింది.

చివరి ఫ్యూజు పెట్టింది. నిలిచింది!

రెండో గంట మోగింది. ఎండ్రకాయ దిగింది. ఒక గంప వచ్చింది. రెండో గంప వచ్చింది. మూడోది వచ్చేసరికి జనం కేకలతో కోట మారుమోగింది.

"ఇక ఏ బావిలోనూ మనిషి దిగడు!" అన్నాడు రాజు. స్వయంగా బహుమతి హారం పట్టుకుని వచ్చాడు.

నాంచారి బురద చేతులు వెనక్కి పెట్టుకుంది. "హారం తర్వాత, మహారాజా. తర్వాతి బావి ఎక్కడుందో చూపించండి."

అందరూ ఇక చాలన్నా, తప్పును కప్పిపెట్టకుండా వెతికి సరిచేసేవారే గెలుస్తారు.