రాళ్ళైపోయిన బోస్నా రాజులు

ఈ కథ నాకు మొదట చెప్పింది భీమిలి కళాసీ కొయ్య అప్పన్న. ఓడల మీద ఈ కథ జరిగిన దేశపు రేవుదాకా పోయొచ్చినవాడు. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే చెప్పడం మానేసేవాడు. మీరూ అడ్డు రాకండి.

అనగా అనగా బోస్నా అనే కొండల దేశం. ఆ దేశానికో రాజవంశం. రాజు పోగానే కొడుకు గద్దెక్కేస్తానంటే అక్కడ కుదరదు. ప్రభువులంతా కూడి, ఆ వంశంలో ఒకణ్ణి చూసి, "ఇతడే మా రాజు" అనాలి. అప్పుడే రాజు.

ముసలిరాజు పోయాడు. కొడుకులు ముగ్గురు. ప్రభువులు కూడి పెద్దవాణ్ణి ఎన్నుకున్నారు. కిరీటం పెట్టిన సాయంత్రమే కోట గుమ్మంలో ఒక మాంత్రికుడు నిలబడ్డాడు. గడ్డం నిండా మంచు. కళ్ళకు రెప్పల్లేవు.

"ఇక్కడ రాజెవరు?" అన్నాడు.

"నేనే" అన్నాడు పెద్దవాడు.

అనగానే కాళ్ళు రాయయ్యాయి. తర్వాత నడుం. తర్వాత ఎత్తిన చెయ్యి. మనిషి పోయి నిలువెత్తు తెల్లరాయి మిగిలింది.

రెండోవాణ్ణి ఎన్నుకున్నారు. మాంత్రికుడు మళ్ళీ వచ్చాడు. "ఇక్కడ రాజెవరు?" కాదంటే వంశానికి తలవంపు కదా! "నేనే" అన్నాడు. అతనూ రాయే.

ఇక మిగిలింది చిన్నవాడు వుకాన్.

"నాయనా, ఆ కిరీటం ముట్టకురా" అని తల్లి ఏడ్చింది.

"అన్నలు అలా నిలబడుంటే నాకు ముద్ద దిగుతుందా అమ్మా?" అని, ప్రభువులు కూడకముందే మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు.

ఏడు నదులు దాటాడు. ఏడో నది ఒడ్డున మాంత్రికుడి గుహ. అక్కడ పిట్ట కూయదు, ఆకు కదలదు. లోపల పంజరంలో ఒక డేగ. దానికి మేత వేస్తూ గొర్రెలకాపరి కూతురు స్తానా. మాంత్రికుడు ఎత్తుకొచ్చిన పిల్ల.

"పారిపో బాబూ, వాడొచ్చే వేళయింది" అంది స్తానా, అతను చెప్పిందంతా విని.

వుకాన్ వినలేదు. మాంత్రికుల ప్రాణం పిట్టల్లో ఉంటుందని విన్నాడు గనక, పంజరంలో చెయ్యిపెట్టి డేగ మెడ పట్టుకున్నాడు.

"వాడి ప్రాణం నాలోనే ఉంది. నలిపితే వాడు చస్తాడు" అంది డేగ. "కానీ నీ అన్నలు ఎప్పటికీ రాళ్ళే. వాడు అడిగే ప్రశ్నకి వాడే జవాబు చెప్పాలి. అప్పుడే లేస్తారు. నన్ను చంపనని మాటిస్తావా?"

మాటిచ్చాడు. ఇంతలో గుహ చల్లబడింది. అడుగుల చప్పుడు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. ఆగింది.

"ఇక్కడ రాజెవరు?"

వుకాన్‌ని ఇంకా ఎవరూ ఎన్నుకోలేదు. అయినా వంశపు పొగరు ఎక్కడికి పోతుంది? "నే..." అనబోయాడు. కాలివేళ్ళు తెల్లబడ్డాయి.

స్తానా పకపకా నవ్వింది.

"ఈ కుర్రకుంకా రాజు? ప్రభువులింకా ఇతని మొహమైనా చూడలేదు! నీ పేరు చెబితే దేశమంతా తలుపులేసుకుంటోంది. నువ్వే చెప్పు దొరా, ఇక్కడ రాజెవరు?"

మాంత్రికుడి ఛాతీ ఉబ్బింది. "నేనే!"

ఆ కేక గుహలో మారుమోగి ఆగేలోగా కాళ్ళు, నడుం, గడ్డం అన్నీ రాయి. వుకాన్ కాలివేళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. అక్కడ కోటలో అన్నలిద్దరూ ఆవులించి లేచారు.

"ఆ గద్దె మాకొద్దు బాబోయ్" అన్నారు. ప్రభువులు కూడి వుకాన్‌ని ఎన్నుకున్నారు. అతను స్తానాను పెళ్ళాడి, తల నెరిసేదాకా చల్లగా ఏలాడు. మాటిచ్చాడు గనక డేగను చంపలేదు. అందుకే ఆ మాంత్రికుడి రాయి మీద చెయ్యేస్తే ఇప్పటికీ వెచ్చగా ఉంటుందట. ఎవరూ ముట్టరు.

మా ఊరి మేష్టరు ఈ కథ పిల్లలకి చెబుతూ, ఆ ఎదురుప్రశ్న వేసింది రాకుమారుడే అంటాడు. ఎన్నోసార్లు చెప్పాను, నాకు చదువు రాదని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆయన దగ్గరికెళ్ళి, పిల్లల ముందే దిద్దించండి. అడిగింది స్తానా.