కోటింగు తాగిన గుడ్డ

మీరావలి మేస్త్రీని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. పని చేతికిచ్చి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు. చిలకలూరిపేటలో కార్లకు మెరుపు కోటింగు వేసే ఆయన షెడ్డులో మేమంతా అలాగే నేర్చుకున్నాం.

ఏసోబు ఆయన దగ్గరికి వచ్చేనాటికే నడివయసువాడు. అంతకుముందు లారీలకు రంగులు వేసేవాడు, బ్రష్షు పట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఒకనాడు మైక్రోఫైబర్ గుడ్డలు మడతపెడుతూ అడిగాడు.

"గురువుగారూ, కోటింగు వెయ్యడానికేమో ఈ పలచటి నున్నటి గుడ్డ ఇస్తారు. వేశాక మిగిలింది తుడిచెయ్యడానికేమో ఒత్తు నూగుండే మెత్తటిది ఇస్తారు. వెయ్యడమే కదా అసలు పని? మంచిది దానికి వాడొద్దా? మా లారీ బ్రష్షుకి వెంట్రుక ఎంత ఒత్తుగా ఉంటే అంత బాగా రంగు పడేది."

మేస్త్రీ రెండు గుడ్డలూ అతని ముందు పెట్టారు. "నీకు మంచిదనిపించింది తీసుకో. ఆ నల్లకారు నువ్వే చెయ్యి" అన్నారు.

ఏసోబు ఒంటిచేత్తో చెయ్యబోయే మొదటి కారు అది. బాగా వస్తే ఇక ముందు కార్లు కూడా అతని చేతికే వస్తాయి. కారు సుగుణకుమారి గారిది. హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాక కొనుక్కున్నారు. సాయంత్రం నరసరావుపేటలో అక్కగారికి చూపించాలని ఆవిడ ఆరాటం. షెడ్డులో మిగిలింది మాత్రం బొటనవేలంత కోటింగు సీసా ఒక్కటే.

ఏసోబు స్పాంజి ముక్కకు మెత్తటి గుడ్డ చుట్టి, నాలుగు చుక్కలు వేసి, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు బానెట్టు మీద రాశాడు. కోటింగు పట్టినచోట నీళ్ళ మీద కిరసనాయిలు రంగులు తేలినట్టు కనపడాలి. అక్కడొక చార, ఇక్కడొక చార తప్ప కనపడలేదు. ఇంకాస్త పోశాడు. మళ్ళీ పోశాడు. బానెట్టూ ఒక తలుపూ అయ్యేసరికి సీసా బోర్లించినా చుక్క రాలేదు. గుడ్డ నొక్కి చూస్తే లోపలంతా తడే.

"ఇంత తాగి, వదలదేంటి గురువుగారూ? బ్రష్షయితే తాగిందంతా తిరిగిచ్చేది!"

"నన్నడుగుతావేం? దాన్నే అడుగు" అన్నారు మేస్త్రీ, టీ గ్లాసు దించకుండానే.

సుగుణకుమారి గారు రానే వచ్చారు. ఏసోబే ఎదురెళ్ళాడు. "అమ్మా, మందు కారుకన్నా గుడ్డకే ఎక్కువ పట్టించాను. తప్పు నాదే. ఇంకో సీసా తెప్పించాలి."

ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగారు. "అంటే నా కారు ఒక చెంపకే పౌడరు రాసుకుందన్నమాట! మా అక్క అసలే వంకలు పెట్టే మనిషి. ఇలా తీసుకెళ్తే చచ్చేదాకా చెప్పుకుంటుంది." మేం నవ్వాం. ఏసోబు నవ్వలేదు. ఆవిడ తాళాలు మేస్త్రీ చేతిలో పెట్టి బస్సుకు వెళ్ళిపోయారు.

"ఇంక నాకు కారివ్వరు కదండీ" అన్నాడు ఏసోబు.

మేస్త్రీ ఆ తాళాలు అతని జేబులో వేశారు. "సీసా వచ్చాక మిగతాది నువ్వే చెయ్యి."

ఏసోబు ఉక్రోషం పట్టలేక గుడ్డను మూలకు విసిరేసి, "పనికిమాలిన గుడ్డ!" అన్నాడు.

"దాన్ని తిట్టకు" అన్నారు మేస్త్రీ. "తీసుకోవడం తప్ప ఇంకోటి తెలియనిదాన్ని, ఇచ్చి రమ్మని పంపింది నువ్వు."