తూనీగల కచేరీకి షామియానా

రాయవలసలో తెలివైనవాళ్ళెవరని అడిగితే, గవర్రాజు ఏమాత్రం మొహమాటపడకుండా తన ఇంటివైపే వేలు చూపిస్తాడు. వాళ్ళది టెంట్ హౌస్. పెళ్ళికయినా, సభకయినా, చావింటికయినా షామియానాలూ కుర్చీలూ గుండిగలూ అద్దెకిచ్చేది వాళ్ళే. "మనింటి తెలివంతా ఒక్క మాటలో ఉందర్రా," అంటాడు మీసం దువ్వుకుంటూ. "చెప్పినోళ్ళు ఏటి చెప్పారో అదే చెయ్యాలి. అందులో మన సొంత బుర్ర కలపకూడదు."

ఆ ఇంట్లో సొంత బుర్ర కలిపే ప్రమాదం ఎవరివల్లా లేదు. కిందటేడు ఓ పెళ్ళిలో ఆడపెళ్ళివారు, "మగపెళ్ళివారిని నీడలో కూర్చోబెట్టండి బాబూ," అన్నారు. కూర్చోబెట్టారు. పొద్దెక్కేకొద్దీ నీడ జరిగింది. అంతే, నీడతోపాటు గవర్రాజూ, అతని తమ్ముడు సింహాద్రీ కుర్చీల్ని మనుషులతో సహా జరుపుకుంటూ పోయారు. పొద్దున్న పందిట్లో కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామ సాయంత్రానికి పక్కవీధి చేపల బజారులో తేలాడు. అయినా ఆయనమీద ఎండ పొడ పడిందా? పడలేదు. అదీ తెలివంటే!

అంత తెలివైన ఇంటికి ఓ కష్టమొచ్చింది. గవర్రాజు ఒక్కగానొక్క కూతురు నిహారిక పదో తరగతి చదువుతోంది. ఆ పిల్లకి తూనీగలంటే ప్రాణం. తూనీగలంటే రెక్కలున్నవి కావు, హైదరాబాదు కుర్రాళ్ళు ఐదుగురు. తలకో రంగు జుట్టేసుకుని, కలిసి పాడతారు, కలిసి గెంతుతారు. వాళ్ళలో అందరికంటే చిన్నవాడు నివాస్. అతనికి ఒంట్లో బాగాలేదని ఫోనులో వార్త వచ్చింది. ఇంకేముంది, పిల్ల కంచం ముందునుంచి లేచిపోయింది.

"నివాస్ బాగున్నాడని నా కళ్ళతో చూసేదాకా నా నోట్లో మెతుకు పెట్టను. ఒట్టు!" అంది.

"నువ్వు పెట్టకే, నేను పెడతాను," అంది నాన్నమ్మ పైడమ్మ, ముద్ద కలిపి.

"నువ్వు పెట్టినా నేను నమలను మామ్మా."

"పోనీ నీ బదులు నేనే నమిలి మింగుతాను. నీకు బలమొస్తాదేమో చూద్దారి."

పైడమ్మ రెండు పూటలా మనవరాలి వంతు కూడా మింగింది. బలం పైడమ్మకే వచ్చింది. పిల్ల రెండ్రోజులు మజ్జిగ తాగి బతికింది. మొహం చిక్కిపోయింది. ఎలాగైనా పిల్లచేత నాలుగు మెతుకులు తినిపించాలి, అంతకుమించి గవర్రాజుకి ఇంకేం అక్కర్లేదు.

అదృష్టం కొద్దీ, తూనీగల కచేరీని సినిమాగా తీశారనీ, వాళ్ళు ఎలా పాడారో, తెర వెనక ఎలా ఏడ్చారో అన్నీ అందులో ఉన్నాయనీ, ఆదివారం పొద్దుటాట ఒక్కటే మన ఊళ్ళో ఆడుతుందనీ సింహాద్రి కబురు తెచ్చాడు. హాలు గోడమీద అంటించిన కాగితం కూడా చదివొచ్చాడు.

"అన్నయ్యా, 'ఈ సినిమాకి ఒక్కరు కూడా కుర్చీలో కూర్చోలేరు' అని పెద్దక్షరాలతో రాశారు."

"పాపం, కుర్చీలన్నీ విరిగిపోయుంటాయిరా," అన్నాడు గవర్రాజు. "అయినా దాచుకోకుండా చెప్పారు చూడు, పెద్దమనుషులు. మన కుర్చీలు మనం పట్టుకెళ్దాం."

అంతే. ఆదివారం పొద్దున్నే వ్యానులో ఐదు కుర్చీలేసుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరారు. షామియానా, నిచ్చెనలూ ఎప్పుడూ వ్యానులోనే ఉంటాయి, వాటిని దించలేదు. హాలు మేనేజరు శేషగిరి గుమ్మంలో కుర్చీలు చూసి తెల్లబోయాడు. లోపల కుర్చీలన్నీ బాగానే ఉన్నాయని వాళ్ళకి నచ్చచెప్పేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. చివరికి ఐదు కుర్చీలూ గుమ్మం బయట పెట్టించి, ఐదుగుర్నీ లోపలికి తోశాడు.

దీపాలు ఆరాయి. తెరమీద పెద్ద మైదానం, దాన్నిండా ఇసక వేస్తే రాలనంత జనం. అందరూ నిలబడే ఉన్నారు.

"ఓలమ్మో! ఇంతమందిని పిలిచి ఒక్క కుర్చీ వెయ్యలేదేటి?" అన్నాడు గవర్రాజు. ఏర్పాట్ల మనిషి కదా, తట్టుకోలేకపోయాడు. "ఈ టెంట్ హౌస్ వాడెవడో కనిపిస్తే అడిగేస్తాను."

ఈలోగా తూనీగలు పొగలోంచి ఒక్క గెంతు గెంతి వచ్చారు. హాల్లో ఆడపిల్లలందరూ ఒక్కసారి కెవ్వుమన్నారు. పక్క సీట్లో రెండు జడల పిల్ల గుండెమీద చెయ్యేసుకుని, "నివాస్! నేను చచ్చిపోతున్నా!" అని అరిచింది.

ఇంకేముంది! పైడమ్మ లేచి నీళ్ళ సీసా మొత్తం ఆ పిల్ల నెత్తిన గుమ్మరించింది. గవర్రాజు పెళ్ళాం రత్తమ్మ కిందకి వంగి అరికాళ్ళు రాయడం మొదలెట్టింది. "గుంట చచ్చిపోతంది, అంబులెన్సు పిలవండి!" అంటూ సింహాద్రి ఫోను తీశాడు. అంతలో వెనకనుంచి ఇంకో పిల్ల, "నా గుండె ఆగిపోయింది!" అంది. ముందు వరసలో ముగ్గురు ఒకేసారి, "చచ్చాం రా బాబూ!" అన్నారు. సింహాద్రి చావులు లెక్కపెట్టలేక చేతులెత్తేశాడు. అంబులెన్సు వచ్చేసరికి చచ్చినవాళ్ళు నలభైమంది దాటారు. ఎవర్ని ఎక్కించాలో తెలీక దిక్కులు చూస్తున్న నర్సమ్మ కళ్ళు తెరమీద పడ్డాయి. "అయ్యో, నివాస్! నేనూ చచ్చిపోయా!" అని అక్కడే కూలబడింది.

"నర్సమ్మే పోతే ఇంక మనమేం చేస్తాం," అని పైడమ్మ నిట్టూర్చి కూర్చుంది.

అప్పుడు తెరమీద నివాస్ మైకు పట్టుకుని, "అందరూ రెండు చేతులూ పైకెత్తండి! నేను చెప్పేదాకా దించకండి!" అన్నాడు. గవర్రాజు ఇంటివాళ్ళు ఐదుగురూ పది చేతులూ ఎత్తారు. పాట అయిపోయింది. హాల్లో అందరూ దించేశారు. ఐదుగురు మాత్రం దించలేదు.

"మావా, దించమన్నాడేటి?" అంది రత్తమ్మ.

"అన్లేదు. ఎత్తే ఉంచు."

సింహాద్రి ఒళ్ళో పాప్‌కార్న్ పొట్లం ఉంది. చేతులు పైన, పాప్‌కార్న్ కింద. తల వంచి ఆవులా రెండు గింజలు నోటితో అందుకున్నాడు. మూడోసారి వంగేసరికి ముక్కులో ఒకటి ఇరుక్కుంది. దాన్ని తియ్యడానికి చేతులు కావాలి. చేతులు నివాస్ మాటమీద ఉన్నాయి. అంతే, సినిమా సగందాకా నోటితోనే ఊపిరి తీశాడు పాపం.

పాటకీ పాటకీ మధ్య తెర వెనక సంగతులు చూపించారు. నివాస్ దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఎవరో జ్వరం చూసి, "నూటరెండు ఉంది, ఇవాళ పాడొద్దు," అన్నారు. "వచ్చినవాళ్ళని ఉత్త చేతుల్తో పంపలేను," అని లేచాడా కుర్రాడు. హాలంతా ముక్కులు ఎగబీల్చింది. నిహారిక కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతుల్లేవు. గవర్రాజు కూతురివైపు చూశాడు. ఈ కుర్రాడు బాగుపడేదెప్పుడు, ఇది అన్నం తినేదెప్పుడు అనుకుంటే అతనికీ ఏడుపొచ్చింది.

పులిమీద పుట్రలాగా తెరమీద కుండపోతగా వాన మొదలైంది. తూనీగలు తడుస్తూనే పాడుతున్నారు.

"జ్వరమొచ్చిన బిడ్డ తడిసిపోతన్నాడు నాన్నా!" అంది నిహారిక.

అంతే. గవర్రాజు లేచాడు. "సింహాద్రీ, పదరా!"

అన్నదమ్ములిద్దరూ చేతులు పైకెత్తుకునే బయటికి నడిచారు. "లోపల ఎవరైనా తుపాకీ చూపించారా?" అని గుమ్మం దగ్గర కుర్రవాచ్‌మన్ వణికాడు. వ్యానులోంచి షామియానా, నిచ్చెనలూ తీసి నెత్తిమీద మోసుకొచ్చారు. చేతులు ఎలాగూ పైనే ఉన్నాయి, పని సులువైంది. తెరకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిచ్చెనెక్కి తాళ్ళు బిగించారు. మూడు నిమిషాల్లో ఎర్రా తెల్లా చారల షామియానా తెరని నిండా కప్పేసింది. పాట వినిపిస్తోంది, మనుషులు కనిపించడంలేదు.

"ఇప్పుడు ఒక్క చుక్క పడదు," అన్నాడు గవర్రాజు చెమట కారుతున్న మొహంతో.

హాలు గగ్గోలెత్తింది. ఈలలు, తిట్లు, గుప్పెళ్ళకొద్దీ పాప్‌కార్న్.

"అక్షింతలేస్తన్నారు మావా!" అంది రత్తమ్మ సంబరంగా. "మంచిపని చేసేమని జనానికి తెలిసింది."

శేషగిరి పరిగెత్తుకొచ్చాడు. "ఏం పని ఇది? తియ్యండి ముందు!"

"వాన తగ్గిందేటండీ?"

శేషగిరి ఏదో అనబోయి, ఈ మనిషికి ఏం చెప్పినా లాభంలేదని తెలుసుకుని, "తగ్గిందయ్యా, తగ్గింది!" అన్నాడు. షామియానా విప్పేసరికి నిజంగానే వాన లేదు. నివాస్ తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు.

"చూశావా, మన షామియానా కింద ఆరిపోయేడు," అని గవర్రాజు కూతురికి చూపించాడు. పిల్ల మొహంలో ఓ నవ్వు మెదిలింది. కచేరీ చివరికొచ్చింది. నివాస్ జనంవైపు తిరిగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మీరంతా ఉన్నారు కాబట్టే మేం ఉన్నాం. మీరు లేకపోతే మేం లేం," అన్నాడు. తెరమీద పేర్లు పడ్డాయి. దీపాలు వెలిగాయి. హాలు ఖాళీ అయింది. ఐదుగురు మాత్రం సీట్లలోంచి కదల్లేదు.

"ఆట అయిపోయిందండీ. మ్యాట్నీకి టైమైంది, లేవండి," అన్నాడు శేషగిరి.

"ఎలా లేస్తామండీ?" అన్నాడు గవర్రాజు. "ఆ పిల్లడు ఏటన్నాడో మీరూ విన్నారు కదా. మేం లేకపోతే వాళ్ళుండరట. ఐదు ప్రాణాలండీ, మాటలా!"

"బాబూ, వాళ్ళు ఇక్కడ ఉంటే కదా! అది తెరయ్యా. చూడు!" శేషగిరి పైకి కేకేశాడు. మిషను ఆగింది. తెరమీద పేర్లు కూడా మాయమై, ఉత్త తెల్లగుడ్డ మిగిలింది. "చూశారా? లేరు. ఎవరూ లేరు."

నిహారిక బావురుమంది. సింహాద్రి మాత్రం కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఇంట్లో లోతుగా ఆలోచించేది అతనే.

"అన్నయ్యా. మనం లేకపోతేనే వాళ్ళుండరన్నాడు కదా?"

"అన్నాడు."

"ఇప్పుడు వాళ్ళు లేరు కదా?"

"లేరు."

"మరయితే, మనం లేం."

"వాళ్ళూ ఐదుగురు, మనమూ ఐదుగురం," అంది పైడమ్మ. "లెక్క కూడా సరిపోయింది."

"ఎప్పుడు పోయేమో తెలీలేదు మావా. నొప్పి కూడా లేదు," అంది రత్తమ్మ, కళ్ళొత్తుకుంటూ. ఒత్తుకున్నాక చేతులు దిగిపోయాయని చూసుకుని కంగారుపడింది. లేనివాళ్ళకి చేతులేంటని సింహాద్రి ధైర్యం చెప్పాక అందరూ దించుకున్నారు.

"అయ్యా మేనేజరుగారూ," అన్నాడు గవర్రాజు, "మీరు పెద్దమనుషులు. నిజం చెప్పండి. మేం ఉన్నామా, లేమా?"

శేషగిరి గడియారం చూసుకున్నాడు. బయట మ్యాట్నీ జనం తలుపులు బాదుతున్నారు. "లేరు నాయనా, లేరు. లేనివాళ్ళకి ఇక్కడ పనేంటి, బయల్దేరండి!"

పెద్దమనిషి నోటంట వచ్చేసింది. ఇంకేముంది! ఐదుగురూ తలలు వంచుకుని బయటికొచ్చారు. సామానంతా వ్యానులో వేసి ఎక్కబోతే పైడమ్మ అడ్డుపడింది. "మనం లేం కదరా, ఖాళీబండి రోడ్డుమీద పరిగెడితే జనం జడుసుకోరేటి?"

"నెట్టుకుంటూ వెళ్దాం. నెమ్మదిగా దొర్లితే జడుసుకోరు," అన్నాడు సింహాద్రి. మిట్టమధ్యాహ్నం రెండు మైళ్ళు వ్యాను నెట్టుకుంటూ ఇల్లు చేరారు.

ఇల్లు చేరగానే గవర్రాజు చెయ్యాల్సిన పని చేశాడు. మనిషి పోయినింటికి ముందు షామియానా వెయ్యాలి. వేశాడు. కుర్చీలు తుడిచి వరసగా పెట్టాడు, మంచినీళ్ళ డ్రమ్ము పెట్టాడు. క్షణాల్లో వీధంతా పోగయింది.

"ఎవరు పోయారు గవర్రాజూ?"

"మేమే," అన్నాడు గవర్రాజు, కుర్చీ జరుపుతూ. "ఐదుగురమూ. నిలబడ్డారేటి, కూర్చోండి. ఏర్పాట్లలో లోటేమైనా ఉంటే చెప్పండి."

ఎదురింటి చామంతమ్మకి ఆ ఇల్లు ఇరవైయేళ్ళుగా తెలుసు. వాదిస్తే తెల్లారిపోతుందని తెలుసు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి ఇరుగుపొరుగే వండి తేవాలి, అది ఊరి మర్యాద. ఆవిడ మారుమాట్లాడకుండా ఇంట్లోకెళ్ళి వేడివేడి అన్నం, గుత్తివంకాయ కూర, చారు పట్టుకొచ్చి నిహారిక ముందు పెట్టింది.

పిల్ల గిన్నెవైపు చూసింది. వంకాయ వాసన ముక్కుకి తగిలింది.

"నాన్నా, ఒట్టు పెట్టింది నేను కదా?"

"నువ్వేనమ్మా."

"ఇప్పుడు నేను లేను కదా?"

"లేవమ్మా," అన్నాడు గవర్రాజు.

"మరి లేనిదాని ఒట్టు ఎవరు చూస్తారు?" అని గిన్నె ముందుకి లాక్కుంది.

మొదటి ముద్ద. రెండోది. వంకాయ తొడిమతో సహా పోయింది. చారు జుర్రింది. చామంతమ్మ మళ్ళీ వడ్డించింది, అదీ అయిపోయింది. గవర్రాజు కూతురి ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక్కో ముద్దా చూస్తున్నాడు. రెండ్రోజుల దిగులు కన్నీళ్ళయి కారిపోయింది. "పోతే పోయాం," అన్నాడు రత్తమ్మతో, "గుంట కడుపునిండా తింది."

పొద్దు వాలాక, రేపు ఎక్కడో గృహప్రవేశం ఉందని గుర్తొచ్చి సింహాద్రి షామియానా తాడు విప్పబోయాడు. గవర్రాజు ఒక్క గెంతులో వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"విప్పకొరే! మనం బతికేమని తెలిస్తే గుంట మళ్ళీ కంచం ముందునుంచి లేచిపోద్ది!"

అంతే. ఆ రోజునుంచీ ఐదుగురూ చచ్చిపోయి, మూడు పూటలా భోంచేస్తూ, హాయిగా ఉన్నారు.