మారెక్క ముద్ద

అనగనగా, ఈ కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక కొండ కింద ఒక కోట. ఆ కోటకు ఓబుళనాయుడని ఒక దొర. ఆ దొర వంటసాలలో కూరగాయలు తరిగే మనిషి మారెక్క. తొక్కు తీసేది, తొడిమ తుంచేది, నేల ఊడ్చేది. అదే ఆమె బతుకు.

దొర విస్తట్లో ఏముండేది? మల్లెపూవంటి తెల్లన్నం, వేటమాంసం, గరిటెల కొద్దీ నెయ్యి. ఆకుకూర కనబడితే, "నేనేమన్నా మేకనా?" అని గిన్నె తోసేసేవాడు. వాళ్ల వంశమంతా అంతే. తాత నలభై ఏళ్లకే గుండె పట్టుకుని కూలిపోయాడు. తండ్రి నలభై ఏళ్లకే గుండె పట్టుకుని కూలిపోయాడు. అన్న కూడా నలభై ఏళ్లకే గుండె పట్టుకుని కూలిపోయాడు.

ఓబుళనాయుడికి ముప్పై తొమ్మిది నిండాయి.

ఏటా ఉగాదినాడు దొర కాలినడకన కొండెక్కి నగారా మోగించాలి. మోగిందా, కోటకు దిక్కున్నట్టు. మోగలేదా, పొరుగు పాళెగాళ్లు కత్తులు పట్టుకొచ్చి మీద పడతారు. ఆ ఏడు దొర మూడుచోట్ల కూలబడి, పాక్కుంటూ పైకి చేరాడు. వచ్చే ఏడు ఎక్కలేనని ఆయనకే తెలిసిపోయింది.

ముగ్గురు వైద్యులొచ్చారు. ఒకాయన భస్మం పెట్టాడు. ఒకాయన తైలం రుద్దాడు. ఒకాయన తాయెత్తు కట్టాడు. దొరకు మెట్టెక్కితే ఆయాసం, మెట్టు దిగితే ఆయాసం.

ఒకరోజు దొర నడవలేక వంటసాల గడప మీదే కూర్చుండిపోయాడు. మారెక్క కత్తిపీట పక్కనబెట్టి నీళ్లిచ్చింది.

"దొరా, ఒక మాట చెప్తే కోపం చేసుకోరు గదా?"

"చెప్పు."

"మా నాయనకు ఎనభై దాటినాయి. ఇప్పటికీ కొండెక్కి కట్టెలు తెస్తాడు. ఈ వంటసాలలో పారబోసేదే మేం తినేది. బీర తొక్కు, ముల్లంగాకు, తోటకూర కాడ. బలమంతా మా ఇంటికొస్తా ఉంది దొరా. మీకు నెయ్యి మిగుల్తా ఉంది."

వంటపెద్ద చెన్నప్ప గరిటె ఎత్తాడు. "ఏమ్మే, దొరకు చెత్త పెడతావా?"

దొర చెయ్యి అడ్డం పెట్టాడు. మర్నాడు పొద్దున్నే కోటగోడ మీద నిలబడి చూశాడు. మోపెడు కట్టెలు నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ కొండ దిగొస్తున్నాడు ముసలాయన.

"మారెక్కా, ఇంక వడ్డించేది నువ్వే," అన్నాడు దొర.

మొదటిరోజు నోట పెట్టుకుని ఉమ్మేశాడు. రెండోరోజు కళ్లు మూసుకుని మింగాడు. మూడోరోజు, "ఇదేంది?" అన్నాడు.

"బీరపొట్టు పచ్చడి, దొరా."

"ఇంకొంచెం వెయ్యి."

తెల్లన్నం పోయి కొర్రన్నం వచ్చింది. గరిటె నెయ్యి చెంచాడైంది. వానలకు నేరేడుపళ్లు, చలికి రేగుపళ్లు, ఏడాది పొడుగునా ఆకు, కాయ, కాడ. "మంత్రం కాదు దొరా, మెల్లగా పనిచేస్తుంది," అనేది మారెక్క. దొర ముందు పెరడు దాకా నడిచాడు. తర్వాత చెరువు దాకా నడిచాడు. తర్వాత కొండ మొదలు దాకా నడిచాడు.

ఉగాది వచ్చింది. దొరకు నలభై నిండాయి. ఊరంతా కొండకింద గుండె చిక్కబట్టుకుని నిలబడింది. వెనకాల బోయీలు ఖాళీ పల్లకీతో తయారు. పోయినేడు కూలబడిన మొదటిచోటు వచ్చింది. ఆగలేదు. రెండోచోటు వచ్చింది. ఆగలేదు. మూడోచోట వెనక్కి తిరిగి, "పల్లకీ దించండ్రా, మీకే ఆయాసం వస్తా ఉంది!" అని నవ్వాడు.

నగారా మోగింది! మూడు ఊళ్లకు వినబడింది. పొలిమేరల్లో పొంచి ఉన్న పాళెగాళ్లు గుర్రాలు తిప్పుకున్నారు. వంటసాలలో తోటకూర తరుగుతున్న మారెక్క కొంగుతో కళ్లొత్తుకుంది. చెన్నప్ప వచ్చి పక్కన కూర్చుని, "ఆ కాడలు పారెయ్యాకు అక్కా, నాక్కూడా కావాల," అన్నాడు.

ఓబుళనాయుడు నలభై దాటాడు, యాభై దాటాడు, అరవై దాటాడు. మారెక్క నిండా బతికి కన్నుమూసినప్పుడు దొరకు డెబ్బై ఏడు. "ఈ భుజం ఆమె నిలబెట్టిందే," అని పాడె ముందుకొమ్ము తానే ఎత్తుకున్నాడు. శ్మశానం దాకా భుజం మార్చలేదు.

ఇప్పటికీ ఆ కొండకింది ఊళ్లలో పెళ్లివిస్తట్లో ముందు తీపి వెయ్యరు. ఆకుకూర కలిపిన ముద్ద వేస్తారు. మారెక్క ముద్ద అంటారు దాన్ని. పెళ్లికొడుకైనా సరే, అది తిన్నాకే బూరె ముట్టాలి. ఏ ముసలమ్మైనా రొప్పకుండా కొండెక్కిందంటే, కుర్రకారు అడుగుతారు: "అవ్వా, నీకు వడ్డించింది మారెక్కనేనా?"

"ఆమె కాకపోతే ఇంకెవరు!" అంటుంది అవ్వ, పై మెట్టు మీద నిలబడి.