ఇల్యాస్ చూపిన సాక్షి

పూర్వం ఒక రేవు పట్నంలో తుర్కీ దేశపు ఇల్యాస్ ఓడ దిగాడు. అతను గుర్రాల జీనులు కుట్టి బతికేవాడు. ఏనుగుల్ని కళ్లారా చూడాలని చిన్నప్పటి నుంచీ అతని కోరిక. కానీ రాజ్యంలోకి వెళ్లాలంటే రేవు అధికారి సింగరాజు ముద్ర వేసిన అనుమతి పత్రం కావాలి.

"సరుకేం తెచ్చావు?" అన్నాడు సింగరాజు.

"ఏమీ లేదు దొరా. ఏనుగుల్ని చూసి వెళ్లిపోతాను," అన్నాడు ఇల్యాస్, ఓడవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో.

ఊరికే చూడ్డానికి ఇంత దూరం ఎవరొస్తారని సింగరాజుకు అనుమానం. "ఇక్కడే ఉండిపోవని ఏమిటి నమ్మకం? వెళ్లమంటే తిరిగి వెళ్లే మనిషివని సాక్షి చేత చెప్పించు. అందాకా ఓడకు పో!" అన్నాడు.

పరాయి దేశంలో సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఇల్యాస్ రోజూ వచ్చి బతిమాలేవాడు. సింగరాజు రోజూ పొమ్మనేవాడు. ఇరవై రోజులు గడిచాయి. ఇక వారంలో ఓడ కదులుతుందని తెలిసి ఇల్యాస్ దిగులుపడ్డాడు. మర్నాడు మాత్రం నవ్వుతూ వచ్చాడు.

"సాక్షి దొరికాడు దొరా."

"ఎవరు?"

"తమరే. ఇరవై రోజులుగా నన్ను వెళ్లమంటున్నారు. ఒక్కరోజైనా వెళ్లకుండా ఉన్నానా?"

కాదంటే తన ఆజ్ఞ చెల్లలేదని చుట్టూ ఉన్న గుమాస్తాల ముందు ఒప్పుకున్నట్టే. సింగరాజు ఫక్కున నవ్వి ముద్ర వేశాడు.

ఇల్యాస్ ఏటి ఒడ్డున ఏనుగుల్ని తనివితీరా చూశాడు. ఒక గున్న తొండంతో నీళ్లు చిమ్మి అతన్ని నిలువునా తడిపింది కూడా. ఓడ కదిలే రోజున సింగరాజే రేవుకొచ్చి, "ఇంకో నెల ఉండవయ్యా," అన్నాడు.

"తమరి సాక్ష్యం అబద్ధమైపోదూ!" అంటూ ఇల్యాస్ సంతోషంగా ఓడెక్కాడు.